శరత్కాలపు చదువు – మన కర్తవ్యము

(విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు బాలబాలికల ప్రాథమిక విద్యను గుఱించి నాలుగు మాటలు విన్నవించుటకు నన్ను నియోగించిన కార్యవర్గమునకు కృతజ్ఞుడను. మన సభలలో విద్యను గుఱించిన ప్రసంగము క్రొత్తది కాదు. పదవ తరగతియందును, ఇంటర్మీడియటునందును, ఇంజనీరింగునందును ఉత్తమముగ ఉత్తీర్ణులైన విద్యార్థులను వేదికపైకి పిలిచి శాలువలు కప్పి సన్మానించుచున్నాము. అది యుక్తమే. కాని ఆ వేదికపైకి ఎన్నడును రాని పిల్లల సంగతి యేమి? వారు పదవ తరగతియందు తప్పినవారని మన మనుకొనుచున్నాము. వారిలో పెక్కుమంది రెండవ, మూడవ తరగతులయందే వెనుకబడినవారు. అటుపిమ్మట ఏడెనిమిదేండ్లు వారు తరగతిలో కూర్చుండిరే గాని తరగతితో నడువలేదు. ఆ వెనుకబాటు ఎప్పుడు మొదలగుచున్నదో, దానిని మన సంఘము ఎట్లు నివారింపవచ్చునో చెప్పుటయే నా యుద్దేశము.

పాఠశాలలు జూన్ మాసమున తెఱవబడును. ప్రవేశములు, పుస్తకములు, దుస్తులు, క్రొత్త ఉపాధ్యాయులు అనెడి సందడిలో ఆషాఢ శ్రావణములు గడచిపోవును. వినాయక చవితి మొదలు కార్తీక పూర్ణిమ వఱకు గల కాలమే సంవత్సరపు చదువునకు నడిబొడ్డు. పైరు తొలకరిలో మొలచినను వెన్ను విడుచునది శరత్తులోనే. బాలుని చదువును అట్టిదే. ఈ కాలముననే రమారమి రెండు వారముల దసరా సెలవులు వచ్చును; ఈ కాలముననే మొదటి సంగ్రహణాత్మక పరీక్షయు జరుగును. ఈ మూడు మాసములలో తరగతితో కలిసి నడచిన పిల్లవాడు వేసవి వఱకు నడచును; ఇచ్చట కాలు జాఱినవానిని తరువాత పట్టి నిలుపుట కష్టము.

మనము నివసించు ప్రాంతమును ఒకసారి పరికింపుడు. సంగారెడ్డి జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పూర్వపు మెదకు జిల్లానుండి వేఱుపడి యేర్పడినది. రామచంద్రాపురము, పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము మొదలగు చోట్ల కర్మాగారములు నిండియున్నవి. మన తాతలు అరకలకు కఱ్ఱులు సాగగొట్టిరి, బండ్లకు చక్రములు చేసిరి. ట్రాక్టరు వచ్చి అరకను తొలగించినది. ప్లాస్టికు బిందె వచ్చి కంచరి బిందెను తొలగించినది. అందుచే కొలిమి చల్లారిన ఇండ్లనుండి మనవారు ఈ కర్మాగారములకు వచ్చి ఫిట్టర్లు, వెల్డర్లు, లేతుపనివారు అయిరి. చేతిలోని నేర్పు మారలేదు. దానికి విలువ కట్టువారు మారిరి. నేడు ఆ విలువ కట్టువారు మొదట అడుగునది చదువును. నక్షను చదువలేని పనివానికి, కొలతను మిల్లీమీటరులో పదియవ వంతు వఱకు చూడలేని పనివానికి కంపెనీయందు కూలి కలదు గాని మర్యాద లేదు.

ఇక ఈ శరత్కాలమున మన బాలబాలికలు పాఠశాలయందు నేర్చునదేమి?

మొదటిది తెలుగు. అచ్చులు, హల్లులు వచ్చినంతనే తెలుగు వచ్చినదని తలిదండ్రులు సంతోషింతురు. కాని అసలు కష్టము అటుపిమ్మట కలదు. ఒకటవ తరగతి బాలుడు వర్షకాలమున పలక, వల, అరక వంటి సరళపదములు చదివి, శరత్తునకు గుణింతములోనికి వచ్చును. దీర్ఘము, గుడి, కొమ్ము, ఎత్వము, ఒత్వము చేరినప్పుడెల్ల అక్షరమునకు రూపము మారుచుండును. రెండవ తరగతి బాలిక ఈ మాసములలోనే ఒత్తులతో పెనగులాడును. ‘బతుకమ్మ’ అని వ్రాసి చూపినచో ‘బతుకమ’ అని చదువు బాలికకు ద్విత్వము పట్టుపడలేదని గ్రహింపవలెను. ‘సూర్యుడు’, ‘పుస్తకము’ అను సంయుక్తాక్షరములు దానికిని కష్టతరములు. మూడవ తరగతికి వచ్చునప్పటికి చిన్న కథను చదివి, అందలి సంగతిని తన మాటలలో చెప్పగలుగవలెను. ఆ తరగతి దాటిన తరువాత ఏ పాఠమైనను చదివియే తెలిసికొనవలసి యున్నది. చదువరానివానికి గణితమునందలి వ్రాత లెక్క సయితము మూసిన తలుపే.

2024వ సంవత్సరపు అసర్ నివేదిక ప్రకారము, మన దేశమునందలి గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 23.4 మంది మాత్రమే. ఈ లెక్క దేశమంతటికిని చెందినది. మన వీధిలో ఎందఱో తెలిసికొనుటకు నివేదికలు అక్కఱలేదు. ఒక పుస్తకమును, ఒక సాయంకాలమును చాలును. తెలంగాణ ప్రభుత్వము 2022లో ఒకటి మొదలు అయిదవ తరగతి వఱకు గల పిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్కలు గట్టిపడుటకై ‘తొలిమెట్టు’ అను కార్యక్రమమును ఆరంభించినది. ఉపాధ్యాయులు శ్రమించుచున్నారు. ఇంటినుండియు, సంఘమునుండియు తోడు లేనిదే ఆ మెట్టు ఎక్కుట దుర్లభము.

రెండవది ఆంగ్లము. 2022-23 విద్యాసంవత్సరము మొదలు ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వఱకు ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. పుస్తకములు ఒక పుటయందు తెలుగును, ఎదుటి పుటయందు ఆంగ్లమును ముద్రింపబడి వచ్చుచున్నవి. ఇది మేలా కీడా అను వాదములోనికి నేను దిగను. మన పిల్లలకు ఆంగ్లము కావలయుననుటలో సందేహము లేదు. కాని ఒక హెచ్చరిక. నల్లబల్లపై నున్న దానిని చూచి పుస్తకమంతయు నింపిన పిల్లవానిని చూచి మురిసిపోకుడు. ఆ మాటను చేతితో మూసి, అదేమో చెప్పుమని అడుగుడు. చెప్పలేనిచో వాడు వ్రాసినది ఆంగ్లము కాదు, బొమ్మ. తల్లి తెలుగు పుటను బిగ్గఱగా చదివించి, భావమును అడిగినచో మఱునాడు ఆంగ్లపు పుట ఆ బాలునకు సగము తెలిసిన పాఠమగును. ఇంటిభాష ఆంగ్లమునకు అడ్డుగోడ కాదు, నిచ్చెన. ఆంగ్ల పాఠశాలలకు పంపువారును తెలుగును చిన్నచూపు చూడవలదు. 2018వ సంవత్సరపు చట్టము ననుసరించి మన రాష్ట్రమునందలి సమస్త పాఠశాలలలోను తెలుగు బోధింపవలసియే యున్నది.

ఈ భాషాసమస్య మన ప్రాంతమునకు నూతనము గాదు. నిజాము పాలనయందు పై చదువులకు ఉర్దూ మాధ్యమము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే సాగెను. తెలుగు బిడ్డ ఇంట నొక భాషయు, బడిలో నొక భాషయు మోయవలసి వచ్చెను. ఆ కాలముననే, 1930లో, మన జోగిపేటయందు ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగెను. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు సమావేశమయ్యెను. మన జిల్లా గడ్డపై పెద్దలు కూడి విద్యను గుఱించి ఆలోచించుట ఆనాటినుండి వచ్చుచున్న ఆచారము. మనమును దానినే నేడు కొనసాగించుచున్నాము.

మూడవది గణితము. ఇందులో మన పిల్లలు వెనుకబడుట మనకు తగినది కాదు. రెండవ తరగతి బాలునకు ఈ కాలమున స్థానవిలువ, రెండంకెల కూడికలు, తీసివేతలు వచ్చును. 52 లో 27 తీసివేయుమని వ్రాసి యిండు. 35 అని వ్రాసినచో, వాడు ఏడులో రెండును తీసినాడనియు, పదిని విప్పుట తెలియలేదనియు గ్రహింపుడు. కోపింపకుడు. అయిదు పదిరూపాయల నోట్లును, రెండు రూపాయి బిళ్లలును చేతికిచ్చి, ఇరువదియేడు రూపాయలు నాకిమ్మని అడుగుడు. ఒక నోటును చిల్లరగా మార్చనిదే ఇయ్యలేనని వానికే తోచును. మిగిలినది 25 అని వాడే చెప్పును.

మూడవ తరగతియందు గుణకారము, నాల్గవ, అయిదవ తరగతులలో భిన్నములు, దశాంశములు వచ్చును. మన ఇండ్లలో ఇవి యన్నియు కలవు. స్వర్ణకారుని త్రాసువద్ద తులమునకు 12 మాషలు, మాషకు 8 గురిగింజలు. కావున తులమునకు 96 గురిగింజలు. పన్నెండవ యెక్కమునకు ఇంతకంటె చక్కని పాఠము వేఱొకటి గలదా? నేడు అంగడిలో 10 గ్రాములనే తులమనుచున్నారు. పాత తులము దాదాపు 11.66 గ్రాములు. ఆ భేదమును కట్టుట అయిదవ తరగతి లెక్క. వడ్రంగి చేతిలో మూరకు 18 అంగుళములు, రెండు మూరలు గజము, అంగుళమునకు 25.4 మిల్లీమీటరులు. బండిచక్రమునకు పట్టా వేయునప్పుడు కమ్మరి ఇనుమును ఎఱ్ఱగా కాల్చును. వేడికి పట్టా వ్యాకోచించి కఱ్ఱచక్రముపై దిగును. నీరు పోయగనే సంకోచించి బిగియును. ఉన్నత పాఠశాలలో చెప్పబోవు పదార్థవిజ్ఞానమిది. వడ్రంగియు కమ్మరియు కలిసి శతాబ్దములుగా చేసిన పని యిది. పెద్దలు దీనిని పిల్లలకు నోటితో చెప్పవలెను. చెప్పనిచో మన విద్య మనతోనే అంతరించును.

నాల్గవది పరిసరముల విజ్ఞానము. ఇది పుస్తకముకంటె ఆరుబయట ఎక్కువగా కలదు. శరత్తు దీనికి అనువైన ఋతువు: వాన వెలిసి ఆకాశము నిర్మలమగును, చెఱువులు నిండియుండును, ఉదయమున మంచు పడును. ఒక పరీక్ష చెప్పెదను. ఒక మీటరు పొడవుగల కఱ్ఱను ఆరుబయట నిలువుగా నాటి, మధ్యాహ్నమున నీడ మిక్కిలి పొట్టియైనప్పుడు దానిని కొలువుడు. సెప్టెంబరు 23 ప్రాంతమున పగలును రాత్రియు సమానముగ నుండును. ఆనాడు మన సంగారెడ్డియందు ఆ నీడ సుమారు 32 సెంటీమీటరు లుండును. వారమున కొకసారి కొలిచి వ్రాసికొన్నచో అది క్రమముగ పెరిగి, డిసెంబరు 22 నాటికి సుమారు 87 సెంటీమీటరు లగును. సూర్యుడు దక్షిణమునకు జరుగుట బాలుడు కంటితో చూచును, చేతితో కొలుచును, పుస్తకమున వ్రాయును. గణితము, విజ్ఞానము, వ్రాత మూడును ఒక కఱ్ఱతో నేర్చినట్లగును. మన శిల్పులు ఇట్లే శంకువును నాటి, దాని నీడచే దిక్కులు సాధించి దేవాలయములు కట్టిరని కూడ వానికి చెప్పుడు.

నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదని అడుగుడు. గొట్టమునుండి యని చెప్పును. మంజీర గోదావరికి ఉపనది యనియు, దానిపై సింగూరు జలాశయము కలదనియు, ఆ నీరు హైదరాబాదు నగరమునకును పోవుచున్నదనియు పటమున చూపవలెను. మంజీరలో మొసళ్లున్నవనియు, 1978లో అది వన్యప్రాణి రక్షణప్రదేశముగ ప్రకటింపబడినదనియు చెప్పినచో ఆ పిల్లవాడు ఆ పాఠమును మఱువడు. చేదు సత్యమును కూడ దాచవలదు. 2007లో ప్రకటితమైన స్వీడను పరిశోధకుల పరిశీలనయందు, పటాన్‌చెరు వద్ద ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేసి విడుచు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. మన తిండి కర్మాగారములనుండి వచ్చుచున్నది. మన చెఱువుల రోగమును అచ్చటినుండియే వచ్చినది. రెండును తెలిసిన బాలుడే రేపు ఆ కర్మాగారమును శుభ్రముగ నడుపగల ఇంజనీరు కాగలడు. ఇక పటాన్‌చెరునందే 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటలపై పరిశోధనలు చేయుచు లోకప్రసిద్ధి గాంచినది. ఆ గోడ ప్రక్కన పెరుగు పిల్లలు కంది చెట్టును గుర్తింపలేకుండుట విచారకరము.

అయిదవది కళలు, ఆటలు. బతుకమ్మ తొమ్మిది దినములును పిల్లలకు పాఠములే. తంగేడు, గునుగు, బంతి, చేమంతి పూలను గుర్తించుట వృక్షశాస్త్రము, గునుగు పూలను పదేసి కట్టలు కట్టుట స్థానవిలువ, వలయముపై వలయము పేర్చుట క్షేత్రగణితము, పాడుట భాష. సెప్టెంబరు 9 కాళోజీగారి జన్మదినము, తెలంగాణ భాషాదినోత్సవము; 17వ తేదీ విశ్వకర్మ జయంతి. ఆ దినమున పూజతో పాటు ప్రతి యింట పిల్లవానిచే పనిముట్ల పేర్లు వ్రాయింపుడు: సమ్మెట, పట్టకారు, బాడిస, ఉలి, మూస. ఆ మాటలు పిల్లవాని నోట నిలిచినగాని మన భాషలో నిలువవు.

ఇంత చదువునకు ఆటంకము లేవి? మొదటిది మన పని వేళలు. తండ్రి రాత్రి షిఫ్టునకు పోవును, తల్లి ఉదయమే పోవును. పిల్లవాని పుస్తకము తెఱచి చూచువారు ఇంట లేరు. రెండవది దసరా ప్రయాణము. సెలవులకు స్వగ్రామమునకు పోయి, బడి తెఱచిన తరువాతను వారము పదిదినములు జాగు చేయుట మనలో అలవాటు. ఒత్తులు నేర్చు బాలికకు సెలవులతో కలిసి అది నెలనాళ్ల యెడబాటు. మూడవది, నేను నిర్మొగమాటముగ చెప్పవలసినది, పిల్లలను పనిలో పెట్టుట. కులవిద్య నేర్పుచున్నామని మన మందుము. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము ప్రకారము పదునాలుగేండ్లు నిండని బిడ్డ బడివేళలు ముగిసిన తరువాతను, సెలవులలోను కుటుంబపు పనికి తోడ్పడవచ్చును. అపాయకరమగు పనియందు అదియును కూడదు. నిప్పు, ఆమ్లము, తిరుగు యంత్రము ఉన్నచోట పసివాని కేమి పని? ఉలి పేరు నేర్పుడు, కొలత నేర్పుడు. బడివేళను మాత్రము దోచుకొనకుడు.

చదువులేమి మన ప్రాంతమున ఎంతటి అపాయమో వేఱుగ చెప్పనక్కఱలేదు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున ఒక కర్మాగారమునందు జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా పనివారు ప్రాణములు కోల్పోయిరి. ఆ ఘోరమునకు పనివారి చదువు కారణమని నేననను, అట్లనుట అన్యాయము. కాని రసాయనపు పీపాపై నున్న హెచ్చరికను చదువగల పనివాడు ప్రశ్నింపగలడు, నిరాకరింపగలడు, తన హక్కును అడుగగలడు. ఆ శక్తికి పునాది రెండవ తరగతిలోని ఒత్తులయందే పడుచున్నది.

కావున ఈ మహాసభకు నేను నాలుగు ప్రార్థనలు చేయుచున్నాను.

మొదటిది: మన భవనములు వివాహములకును, సభలకును మాత్రమే తెఱవబడుచున్నవి. భాద్రపదము మొదలు కార్తీకము వఱకు ప్రతి సాయంకాలము ఒక గంట పఠనశాలగా తెఱవుడు. చదువుకొన్న మన యువతీయువకులలో ఇద్దఱు చొప్పున వంతులవారీగా కూర్చుండిన చాలును.

రెండవది: దసరాకు ముందొకసారి, కార్తీకాంతమున నొకసారి ప్రతి బిడ్డచే ఒక పుట చదివించి, రెండు లెక్కలు చేయించి, చదివినదానిని చెప్పింపుడు. మార్కులు వేయవలదు, పేర్లు చాటవలదు. ఎవనికి ఏ మెట్టు తప్పినదో వ్రాసికొని, వాని ఉపాధ్యాయునితో మాటలాడుడు.

మూడవది: దసరాకు ఊరికి పోవు ప్రతి బిడ్డ సంచిలో ఒక కథల పుస్తకము నుంచుడు. నాయనమ్మకు చదివి వినిపించుటయే సెలవుల పాఠము. బడి తెఱచు నాటికి తిరిగివచ్చుట తండ్రికి నియమము.

నాల్గవది దాతలకు: మీ ఔదార్యమువలననే మన వసతులు, ఈ మహాసభ నడచుచున్నవి. ఈ సభావ్యయమున పదియవ వంతును పఠనశాలల పుస్తకములకును, దీపములకును కేటాయింపుడు. చలువరాతిపై పేరు చెక్కుట మన శిల్పులకు తెలిసిన పనియే. కాని బిడ్డ నోట పలుకు అక్షరముపై చెక్కిన పేరు అంతకంటె చిరకాలము నిలుచును. రాబోవు సంవత్సరము పదవ తరగతి వారితోపాటు, చదువలేనిస్థితినుండి చదువగలస్థితికి వచ్చిన మూడవ తరగతి బిడ్డకును వేదికపై ఒక శాలువ నుంచుడు.

ఒక ప్రశ్న తప్పక వచ్చును: మన సొమ్ముతో పరుల పిల్లలు చదువుట యేల యని. మన వీధులలో బీహారు, ఒడిశా మొదలగు రాష్ట్రములనుండి వచ్చిన కూలీల పిల్లలు కలరు. ఇంట వేఱు భాష, బడిలో తెలుగును ఆంగ్లమును మోయువారు వారు. పఠనశాల వాకిట కులమడుగుట నాకు సమ్మతము కాదు. మనము పూజించు వీరబ్రహ్మేంద్రస్వామివారు దూదేకుల సిద్దయ్యను శిష్యునిగా స్వీకరించిరి. గురుపీఠముననే లేని అడ్డు మన వాకిట నేల? అదియుగాక, మన బిడ్డ ప్రక్కన కూర్చుండువాడు చదివినచో తరగతి యంతయు ముందునకు సాగును; మన బిడ్డకును మేలే.

1934లో ఒక చిన్న గ్రామమున మన కులమున జన్మించి, అర్థశాస్త్రమును బోధించి, కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైన కొత్తపల్లి జయశంకరుగారి పేరనే నేడు ప్రతి జూన్ మాసమున పిల్లలను బడికి చేర్చు ‘బడిబాట’ నడచుచున్నది. బడికి చేర్చుట జూన్ పని. బడిలో నిలుపుట శరత్తు పని. మొదటిదానిని ప్రభుత్వము చేయుచున్నది. రెండవదానిలో మనము సగము మోయుదము.

ఈ ప్రార్థనలను తీర్మానముగ స్వీకరించి, వచ్చు భాద్రపదము నాటికి ఒక్క భవనమునందైనను దీపము వెలిగింతురని నమ్ముచు విరమించుచున్నాను.